కలవని గాలి

(తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో సాయంత్రం పూట ఇచ్చిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. మైకు సరిచేసిన చోట్లు, రెండోసారి చెప్పిన వాక్యాలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్లకి వినబడుతోందా? చెయ్యెత్తండి. బాగుంది. ముందు వరుస ఖాళీగా ఉంది. ఎవరూ రారని తెలుసు, ముప్పయ్యేళ్లుగా చూస్తున్నాను.

[నవ్వులు]

నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. వాతావరణం పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు: "సార్, ఫ్రిజ్‌లూ స్ప్రేలూ తెగ వాడింది అమెరికావాళ్లు, యూరప్‌వాళ్లు. ఓజోన్‌కి చిల్లు మాత్రం మనిషి పురుగు లేని అంటార్కిటికా మీద ఎందుకు పడింది?" మొదట్లో నేను "అక్కడ చలి ఎక్కువ కదా" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. తప్పు చెప్పలేదు గానీ, సగమే చెప్పాను. మిగతా సగం చదువుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ రెండో సగం చెబుతాను. ఒక్క ముక్కలో కావాలంటే ఇది: కింద గాలి బాగా కలిసిపోతుంది కాబట్టి విషం అక్కడిదాకా వెళ్లింది, పైన గాలి కలవదు కాబట్టి చిల్లు అక్కడే పడింది.

ముందు కింది సంగతి. 1971లో షాకిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధన ఓడ అంటార్కిటికా వైపు బయల్దేరింది. అందులో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సొంతంగా తయారుచేసుకున్న ఒక పరికరం ఉంది, గాలిలో అతి కొద్దిగా ఉండే వాయువుల్ని కూడా పట్టేస్తుంది. దారి పొడవునా నమూనాలు చూసుకుంటూ పోయారు. ఊళ్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు, నడిసముద్రం. అయినా తీసిన ప్రతి నమూనాలోనూ సీఎఫ్‌సీ ఉంది. సీఎఫ్‌సీ అంటే క్లోరోఫ్లోరోకార్బన్, ఆ ఫ్రిజ్‌లలో, స్ప్రేల్లో వాడిన క్లోరిన్ ఉన్న వాయువు. ఉత్తరాన కాస్త ఎక్కువ, దక్షిణాన కాస్త తక్కువ, అంతే. మనం పీల్చే ఈ కింది పొర, ట్రోపో ఆవరణం, పొయ్యి మీద ఎసరు లాంటిది. కింద వేడి, పైన చల్లన. కుతకుతా ఉడుకుతూ ఉంటుంది. ఏడాది రెండేళ్లలో ఉత్తరార్ధగోళం గాలి దక్షిణానికి, దక్షిణం గాలి ఉత్తరానికి చేరిపోతుంది. సీఎఫ్‌సీలు యాభై, వంద ఏళ్లు బతుకుతాయి. వాటికి ఏడాది ప్రయాణం ఒక లెక్కా?

పై అంతస్తు, స్ట్రాటో ఆవరణం, దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. అక్కడ పొయ్యి పైన ఉంది. ఆ పొయ్యి ఓజోనే. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్ని మింగి వేడెక్కుతుంది. అందుకని పైకి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. స్నానానికి బకెట్లో చన్నీళ్లు పట్టి, పైన కాగిన నీళ్లు పోసి, చెయ్యి పెట్టి తిప్పకుండా వదిలేశారనుకోండి. పైన చెయ్యి కాలుతుంది, అడుగున చల్లగానే ఉంటుంది. వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడంటారు గానీ, కలిపేవాడు లేకపోతే అవి ఒకదానికొకటి తోడు కావు. స్ట్రాటో ఆవరణంలో గాలి నిలువునా కలవదు. పొరలు పొరలుగా, అడ్డంగా జారుతుంది.

మరి కింది గాలి పైకెలా పోతుంది? మెట్లు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్నకి జవాబు మన నెత్తిమీదే ఉంది. 1940ల్లో బ్రూవర్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండు మీది స్ట్రాటో గాలిలో తేమ ఎంతుందో చూస్తే, అది ఆశ్చర్యపోయేంత పొడిగా ఉంది. అంత పొడిబారాలంటే ఆ గాలి ఎక్కడో విపరీతమైన చలిలోంచి, ఉన్న తడంతా పిండేసుకుని వచ్చి ఉండాలి. ఆ ఎత్తున అంత చలి ఇంగ్లండు మీద లేదు. ఉన్నది ఉష్ణమండలం మీద. మీరు నమ్మరు గానీ, ఇదే తిరుపతి మీద, మేలో మాడు పగిలే ఎండలో కూడా, 16, 17 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 80 డిగ్రీల చలి ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోని మన గాదంకిలో 1024 యాంటెన్నాలు పొలంలో నాట్లేసినట్టు వరసగా నిలబెట్టిన రాడార్ ఉంది కదా, మీలో కొందరు చూసే ఉంటారు. అది రాత్రింబవళ్లు చూసే వాటిల్లో ఈ గడప ఒకటి. కింది గాలి పై అంతస్తులోకి అడుగుపెట్టే గడప.

అక్కణ్ణించి ఆ గాలి చాలా నెమ్మదిగా పైకి లేచి, రెండు ధ్రువాల వైపూ సాగి, అక్కడ కిందికి దిగుతుంది. దీన్ని బ్రూవర్-డాబ్సన్ ప్రసరణ అంటారు. ఎంత నెమ్మదంటే, ధ్రువం మీద ఇవాళ దిగుతున్న గాలి ఈ గడప దాటి అయిదారేళ్లు అయి ఉంటుంది. దారిలో, బాగా పైన, ఎండ సీఎఫ్‌సీలని విరగ్గొడుతుంది, క్లోరిన్ బయటపడుతుంది. ఓజోన్‌ని తినేది ఈ క్లోరినే. 1980ల్లో హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లూ, జర్మనీ మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు వదిలారు. పైన ఒక్కో ఎత్తులో గాలిని పట్టి, అక్కడికక్కడే గడ్డకట్టించి, పారాచూట్‌తో దింపారు. పైకి పోయేకొద్దీ సీఎఫ్‌సీలు ఎలా తరిగిపోతున్నాయో ఆ సీసాల్లో కనబడింది. అంటార్కిటికా కథకి మన దగ్గర మొదటి అధ్యాయం ఉందని నేనంటే జనం నవ్వుతారు. ఉంది.

ఇంకో చిత్రం. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఎండ నిటారుగా పడే మన వైపు. ఎక్కువగా పోగుపడేది మాత్రం ధ్రువాల దగ్గర, వసంతంలో. గాలి మోసుకెళ్లి అక్కడ దింపుతుంది కాబట్టి. గాలి మోసుకొచ్చిన సరుకుని లెక్కలోంచి తీసేస్తే తప్ప, అక్కడ రసాయనం ఎంత తిన్నదో తెలీదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఓజోన్ ఎంతుందో కొలిచే యంత్రం కట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ డాబ్సన్. ఇవాళ్టికీ కొలత ఆయన పేరుతోనే: మన నెత్తిమీది ఓజోన్ మొత్తాన్నీ నేలమట్టానికి దింపి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది, అది 300 డాబ్సన్ యూనిట్లు. 1956లో అంటార్కిటికాలో హ్యాలీ బే అనే చోట బ్రిటన్ స్థావరం పెట్టి, అక్కడికో డాబ్సన్ యంత్రాన్ని పంపింది. ఉత్తరాన స్పిట్స్‌బెర్గెన్ దీవుల్లో కొలతలు అప్పటికే ఉన్నాయి. ఆరు నెలలు జరిపి చూస్తే దక్షిణంలోనూ అదే పద్ధతి కనబడాలి కదా అనుకున్నారు. కనబడలేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో హ్యాలీలో ఓజోన్ అనుకున్నదాని కన్నా దాదాపు 150 యూనిట్లు తక్కువ. నవంబరులో ఉన్నట్టుండి గభాల్న ఎగిరి, ఉత్తరంతో సమానమైపోయింది. యంత్రం పాడైందేమో, చూసేవాడికి చేతకాలేదేమో అనుకున్నారు. మరుసటేడు మళ్లీ అచ్చం అలాగే వచ్చింది. అప్పుడు డాబ్సన్‌కి విషయం తట్టింది: దక్షిణ ధ్రువం మీద శీతాకాలపు గాలి సుడి చాలా బలమైంది, వసంతం సగం గడిచేదాకా విడిపోదు, బయటి ఓజోన్‌ని లోపలికి రానివ్వదు.

గమనించారా? ఇది 1956. సీఎఫ్‌సీల గొడవ ఇంకా మొదలవలేదు. చిల్లు లేదు. గోడ ఒకటే ఉంది. డాబ్సన్ చిల్లు కన్నా ముందు గోడని చూశాడు. "చిల్లు 1956లోనే ఉంది, సీఎఫ్‌సీల మీద నింద అన్యాయం" అని ఇదే కొలత చూపించి వాదించేవాళ్లు తర్వాత బయల్దేరారు. వాళ్లకి జవాబు అదే హ్యాలీలో ఉంది. 1950ల చివర్లో అక్టోబరు సగటు 300 దగ్గర ఉండేది. 1984 అక్టోబరుకి 200 కన్నా కిందికి పడిపోయింది. ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985 మేలో దాన్ని అచ్చువేశారు. గోడ పాతదే, గోడ వెనక జరిగింది కొత్తది.

గోడ అంటున్నాను, గాలికి గోడేమిటి? అంటార్కిటికా మీద చలికాలం నెలల తరబడి చీకటి. ఎండ లేదు కాబట్టి పైనున్న పొయ్యి ఆరిపోతుంది. గాలి చల్లబడి కిందికి కుంగుతుంది. చుట్టూ ఇంకా వెచ్చగా ఉన్న గాలికీ దీనికీ మధ్య తేడా పెరిగి, భూమి తిరుగుడు కూడా తోడై, పడమటి గాలులు ఖండం చుట్టూ గిరగిరా తిరుగుతాయి. గంటకి 300 కిలోమీటర్లు దాటే వేగం. ఆ ఉంగరం లోపలి గాలి లోపలే, బయటిది బయటే.

వేగంగా వీచే గాలి ఇంకా బాగా కలపాలి కదా అంటారు. సబబైన సందేహమే. 1989లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో గిరగిరా తిరిగే నీళ్లతొట్టిలో ఇలాంటి ప్రవాహాన్నే తయారుచేసి, దానికి ఒక పక్కన రంగు వదిలారు. ప్రవాహం ఊగింది, మెలికలు తిరిగింది. రంగు ఆ పక్కంతా చిక్కగా కలిసిపోయింది. ప్రవాహం దాటి అవతలికి మాత్రం పోలేదు. కారణమేమంటే, గాలి తన సుడి గుణాన్ని అంత తేలిగ్గా వదులుకోదు. లోపలి గాలికి సుడి ఎక్కువ, బయటి గాలికి తక్కువ. అంచు దగ్గర ఈ తేడా నిట్టనిలువుగా ఉంటుంది. లోపలి గాలి పొట్లం బయటికి తోసుకొస్తే, ఆ తేడాయే దాన్ని వెనక్కి లాగుతుంది. బిగించి అల్లిన నవారు మంచం మీద పిల్లవాడు గెంతినట్టు: నవారు సాగుతుంది, వాణ్ణి తిరిగి ఎగరేస్తుంది, తెగదు. అందుకే ఈ అంచుని గోడ అనడం కన్నా బిగించిన నవారు అనడం నిజానికి దగ్గర. సరే, గోడ అనే అందాం, పొట్టిగా ఉంటుంది.

ఈ గోడ మూడు అడ్డాలు పెడుతుంది. వెచ్చదనాన్ని రానివ్వదు. బయటి ఓజోన్‌ని రానివ్వదు. మూడోది ఎవరూ పెద్దగా చెప్పరు: నత్రజని ఆక్సైడ్లని రానివ్వదు. దీని సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

స్ట్రాటో ఆవరణంలో క్లోరిన్ మామూలుగా ఊరికే తిరగదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. రెండు డిపాజిట్లు: హైడ్రోజన్ క్లోరైడ్ ఒకటి, క్లోరిన్ నైట్రేట్ ఇంకొకటి. ఈ రూపాల్లో అది ఓజోన్ జోలికి పోదు. గోడ లోపల వేడి మైనస్ 78 దాటి కిందికి పోయిందంటే, నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి సన్నటి మేఘాలు కడతాయి. సూర్యుడు కొండ వెనక ఉన్నప్పుడు ముత్యపుచిప్ప లోపలి రంగుల్లో మెరుస్తాయి, చూడముచ్చటగా. ఆ మేఘకణాల ఒంటి మీద రెండు డిపాజిట్లూ ఒకదాన్నొకటి విరగ్గొట్టుకుంటాయి. క్లోరిన్ వాయువు బయటికొస్తుంది, నత్రజని భాగం ఆమ్లమై మేఘకణంలోనే ఉండిపోతుంది. ఈ సంగతి 1986లో అమెరికా శాస్త్రవేత్త సూసన్ సాలమన్ బృందం ప్రతిపాదించింది. అదే ఏడాది ఆవిడ స్వయంగా అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరానికి వెళ్లి కొలతలు తీసింది. మేఘకణాల్లో పెద్దవి బరువెక్కి కిందికి రాలిపోతాయి, ఆమ్లాన్ని కూడా పట్టుకుపోతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎండ తిరిగొచ్చేసరికి క్లోరిన్ చేతిలో నగదు లాగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని మళ్లీ డిపాజిట్‌లో పెట్టాలంటే నత్రజని ఆక్సైడ్లు కావాలి. లోపలివి రాలిపోయాయి, బయటివి గోడ దాటి రాలేవు. ఇక అడ్డేముంది? 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు సున్నా దాకా పోతుంది.

ఇదంతా కాగితం మీది రసాయనం అని 1987లో కూడా చాలామంది అనేవారు. ఓజోన్ నాశనమవడం లేదు, కింది నుంచి ఓజోన్ లేని గాలి పైకి లేస్తోంది, అంతే అని ఒక వర్గం వాదన. అది కూడా గాలి సిద్ధాంతమే, కొట్టిపారెయ్యాల్సింది కాదు. తేల్చాలంటే లోపలికి వెళ్లి చూడాలి. ఆ ఆగస్టులో చిలీ దేశం కొసన పుంటా అరేనాస్ నుంచి నాసా ఈఆర్-2 అనే విమానాన్ని పంపింది. ఒక ఇంజను, ఒక పైలట్, 18 కిలోమీటర్లకి పైన ఎత్తు, కింద మంచు సముద్రం. రెక్క కింద హార్వర్డ్ శాస్త్రవేత్త జేమ్స్ ఆండర్సన్ పరికరం, క్లోరిన్ మోనాక్సైడ్‌ని కొలవడానికి. క్లోరిన్ ఓజోన్‌ని తిన్నప్పుడు పుట్టేది ఇదే.

ఆగస్టు 23న గోడ దాటారు. క్లోరిన్ మోనాక్సైడ్ అమాంతం పెరిగింది. ఓజోన్ మాత్రం ఇంకా ఉంది. సెప్టెంబరు 16న మళ్లీ అదే దారిలో పోయారు. [బోర్డు మీద గీస్తూ] ఇదిగో, ఇటు విమానం దక్షిణానికి పోతోంది. ఇది ఓజోన్ గీత, ఇది క్లోరిన్ మోనాక్సైడ్ గీత. అంచు దగ్గర ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందికి పడింది. అదొక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. అంచు దగ్గర గాలి మడతలు మడతలుగా ఉంటుంది, విమానం ఒక మడత లోంచి ఇంకో మడతలోకి పోతోంది. ఒక్కో మడతలో ఈ గీత చిన్న మిట్ట వేస్తే, ఆ గీత సరిగ్గా అక్కడే చిన్న పల్లం వేసింది. మిట్టకి పల్లం, పల్లానికి మిట్ట, అద్దంలో చూసినట్టు. లోపల ఓజోన్ సగానికి పైగా పోయింది. మూడు వారాల్లో. కింది గాలి పైకి లేచిందనే వాదానికి అక్కడితో ఊపిరి ఆగింది. అదే రోజు, సెప్టెంబరు 16, ఇంకో కొసన కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు సీఎఫ్‌సీలని తగ్గించే ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నాయి. విమానం గీతలు వాళ్లకి చేరలేదు. చేరకముందే సంతకాలు పెట్టారు. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అక్కడితో కథ ముగిసిందని మామూలు పుస్తకాలు అంటాయి. ముగియలేదు. ఇంకో తగాదా మొదలైంది. గోడ ఎంత గట్టిది? ఆ సుడి మూతపెట్టిన గిన్నె లాంటిదా, లేక పిండిమర లాంటిదా? అంటే, గాలి ఒక పక్క నుంచి లోపలికి వచ్చి, ఓజోన్ పోగొట్టుకుని, ఇంకో పక్క నుంచి బయటికి పోతూ ఉంటుందా? శాస్త్రవేత్తల్లో టక్, ప్రాఫిట్ వంటివాళ్లు మర అన్నారు. మెకింటైర్, షోబెర్ల్ వంటివాళ్లు గిన్నె అన్నారు. ఇది మాటల పట్టింపు కాదు. మర అయితే, చిల్లు కొలతలో కనబడే నష్టం కొంతే. మిగతాది అడుగు అడుగునా బయటికి కారిపోయి, జనం ఉండే అక్షాంశాల మీద పల్చబడి ఉంటుంది. గిన్నె అయితే ఎంత పోయిందో లోపలే లెక్క దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరికి పై అంతస్తుల్లో గిన్నె వాదమే చాలావరకు నిలబడింది. కానీ సుమారు 16 కిలోమీటర్ల కన్నా కింద గోడ పునాది లేనిది, అక్కడ గాలి రాకపోకలు బాగానే ఉంటాయి. నా అభిప్రాయం అడిగితే, మర అన్నవాళ్లు ఓడిపోయినా మేలే చేశారు. వాళ్లు గొడవ పెట్టకపోతే గోడని అంత జాగ్రత్తగా ఎవరూ కొలిచేవారు కాదు.

ఇక ఉత్తర ధ్రువం. అక్కడా సుడి ఉంది, చీకటి ఉంది, క్లోరిన్ అంతే ఉంది. ఏటా చిల్లు ఎందుకు పడదు? ఉత్తరాన కొండలున్నాయి. హిమాలయాలు, రాకీ పర్వతాలు, ఖండాలకీ సముద్రాలకీ మధ్య తేడాలు. వాటి మీదుగా పోయే గాలి వేలకొద్దీ కిలోమీటర్ల పొడవైన అలలు లేపుతుంది. అవి పైకి పోయి, సముద్రపు అల ఒడ్డున విరిగినట్టు, సుడి అంచున విరుగుతాయి. నవారుని గుంజి గుంజి వదులు చేస్తాయి. ఒక్కోసారి సుడినే రెండు ముక్కలు చేసేస్తాయి, కొద్దిరోజుల్లో అక్కడి గాలి 40, 50 డిగ్రీలు వేడెక్కుతుంది. 1952లో బెర్లిన్‌లో షెర్‌హాగ్ ఇది మొదట చూశాడు. దక్షిణాన చుట్టూ సముద్రమే, అలలు లేపే కొండలు తక్కువ. అందుకని అక్కడి గోడ నిశ్చింతగా నిలుస్తుంది.

అల విరిగినప్పుడు ఏమవుతుంది? సుడి అంచు నుంచి గాలి సన్నటి పోగులుగా ఊడి వస్తుంది. ఇక్కడ మన తెలుగులో ఒక మంచి తేడా ఉంది: కలపడం వేరు, కలిసిపోవడం వేరు. మీ ఇంట్లో పులిహోర కలిపేటప్పుడు చూడండి. పులుసు గుజ్జు అన్నంలో వేసి రెండుసార్లు తిప్పగానే పసుపు చారలు వస్తాయి. ఒక పక్క తెల్ల మెతుకులు, ఒక పక్క పుల్లటి ముద్ద. మొత్తం మీద సగటు పులుపు సరిగ్గానే ఉంది. కానీ నోట్లో పెట్టుకున్నవాడికి తెలుస్తుంది. గాలి పోగులు కూడా వారాల తరబడి అలాగే, పక్కపక్కనే ఉండి కూడా కలిసిపోకుండా, సన్నబడుతూ సాగుతాయి.

దీనితో మనకేం పని? పని ఉంది. అక్కడ ఓజోన్‌ని తినే ముఖ్యమైన చర్యలో రెండు క్లోరిన్ మోనాక్సైడ్ అణువులు జతకట్టాలి. కాబట్టి వేగం దాని పరిమాణానికి కాదు, పరిమాణపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఒక పోగులో 2 ఉంది, పక్క పోగులో 0 ఉంది అనుకుందాం. కలవకుండా ఉంటే ఒకచోట 4, ఇంకోచోట 0, సగటున 2. పూర్తిగా కలిసిపోతే రెండుచోట్లా 1, దాని వర్గం 1. చూశారా, కలిసిపోతే నష్టం సగమైంది! క్లోరిన్ ఒక్క అణువు కూడా తగ్గలేదు. పైగా బయటి గాలితో వచ్చిన నత్రజని ఆక్సైడ్లు క్లోరిన్‌ని మళ్లీ డిపాజిట్‌లోకి నెడతాయి.

ఇప్పుడు కంప్యూటర్ మోడల్ చూడండి. అది ఆకాశాన్ని గళ్లుగా కోస్తుంది, ఒక్కో గడి వంద, రెండొందల కిలోమీటర్లు. గడిలోకి ఏది వచ్చినా ఆ క్షణమే పూర్తిగా కలిసిపోయినట్టు లెక్క. మన పులిహోరలో తెల్ల మెతుకు అనేదే లేదు దానికి. 1996లో ఫ్రాన్సు పరిశోధకులు కొందరు, గడి సైజు మారిస్తే ఉత్తర ధ్రువపు ఓజోన్ నష్టం లెక్క బాగా మారిపోతుందని చూపించారు. అంత మారదని మరికొందరు జవాబిచ్చారు. జర్మనీలో యూలిష్ పరిశోధన కేంద్రం వాళ్లు గళ్ల గొడవే వద్దని, గాలి పొట్లాలనే వెంబడిస్తూ, ప్రవాహం బాగా సాగదీసిన చోట మాత్రమే కలిసిపోనిచ్చే మోడల్ కట్టారు. నాకు ఆ పద్ధతి నిజాయితీగా అనిపిస్తుంది. తెలీని చోట కలిపేసి చేతులు దులుపుకోదు.

ఇక కొలత. ఉత్తరాన గాలి ఓజోన్ మోసుకొస్తూనే ఉంటుంది, రసాయనం తింటూనే ఉంటుంది. బ్యాంకులో జీతం పడుతూ ఉంది, ఎవడో డబ్బు తీస్తూ ఉన్నాడు. నిల్వ చూస్తే దొంగతనం ఎంతో తెలీదు. దీనికి జర్మన్లు ఒక ఉపాయం పన్నారు, దాని పేరు మ్యాచ్. 1991-92 చలికాలంలో మొదలైంది. ఓజోన్‌సోండ్ అని ఒకటుంది: థర్మోకోల్ పెట్టె, లోపల చిన్న పంపు, ఒక చెంచాడు పొటాషియం అయోడైడ్ ద్రావణం. గాలి బుడగలుగా అందులోంచి పోతుంది, ఒక్కో ఓజోన్ అణువుకి రెండు ఎలక్ట్రాన్లు కదులుతాయి, ఆ కరెంటే కొలత. దీన్ని బెలూన్‌కి కట్టి వదులుతారు. ఒక ఊళ్లో ఒక గాలి పొట్లాన్ని కొలిచారు. అది ఎటు పోతుందో లెక్కగట్టి, నాలుగైదు రోజుల తర్వాత ఇంకో దేశంలో ఏ స్థావరం మీదుగా పోతుందో చూసి, ఆ స్థావరానికి కబురు: "ఇప్పుడు వదలండి!" అదే గాలి, రెండు కొలతలు. మధ్యలో తగ్గింది రసాయనం తిన్నది. ఆ తగ్గుదల గాలి చీకట్లో గడిపిన గంటల్లో లేదు, ఎండలో గడిపిన గంటల్లోనే ఉంది. రసాయనం చెప్పిందే ఆకాశం చెప్పింది. ఇదంతా పొట్లం దారిలో చెదిరిపోలేదని నమ్మితేనే. అందుకే పొట్లాలు ఎక్కడ సాగి చిరిగాయో చూసి, అలాంటి జతల్ని పక్కన పెడతారు.

టైమెంత అయింది? సరే, ఒక్క విషయం చెప్పి ప్రశ్నలకి వస్తాను. గోడ కూలినప్పుడు ఏమవుతుంది? డాబ్సన్ చూసిన నవంబరు గెంతు గుర్తుంది కదా. బయటి ఓజోన్ లోపలికి వచ్చిందంటే, లోపలి ఖాళీ గాలి బయటికి పోయిందనే అర్థం. 1987 డిసెంబరులో సుడి విరిగి ముక్కలైనప్పుడు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ మీద ఓజోన్ పడిపోయింది. అక్కడ అది నడివేసవి, జనం బీచిల్లో ఉండే కాలం. ఇంకో మెలిక కూడా ఉంది. ఓజోన్ పోతే పొయ్యి పోయినట్టే కదా, వసంతంలో వేడెక్కడం ఆలస్యమవుతుంది. అందుకని సుడి మునుపటి కన్నా ఆలస్యంగా విరుగుతోంది. చిల్లు తన గోడని తానే గట్టి చేసుకుంటోంది.

ఇక అడగండి. ఆ, నువ్వమ్మా.

[శ్రోత: సార్, గోడ ముందే కూలితే చిల్లు చిన్నదవుతుంది కదా. మనమే ఏదోలా కూలగొట్టలేమా?]

మంచి ప్రశ్న. ప్రకృతి రెండుసార్లు చేసి చూపించింది. 2002 సెప్టెంబరులో దక్షిణ సుడి రెండు ముక్కలైంది, చిల్లు కూడా రెండుగా చీలింది. అప్పటిదాకా అక్కడ అలాంటిది జరగదనే అనుకునేవారు. 2019లో సుడి వేడెక్కి కుంగింది, ఆ ఏటి చిల్లు 1982 తర్వాత అన్నిటికన్నా చిన్నది. పేపర్లు "ఓజోన్ కోలుకుంది" అని రాశాయి. అది కోలుకోవడం కాదు, ఆ ఏడు గోడ బలహీనం, అంతే. మరుసటేడు మళ్లీ పెద్ద చిల్లు. ఆ 2020 మార్చిలోనే ఉత్తరాన అలలు రాక సుడి గట్టిగా నిలిచి, అక్కడ ఎన్నడూ లేనంత ఓజోన్ పోయింది. ఖండాలంత అలలు లేపితే గానీ ఆ గోడ కదలదు, అది మన చేతిలో పని కాదమ్మా. మన చేతిలో ఉన్నది క్లోరిన్. దాన్ని ఆపాం.

[శ్రోత: అయితే చిల్లు ఎప్పటికి పూడుతుంది సార్?]

2000 సెప్టెంబరులో అది దాదాపు మూడు కోట్ల చదరపు కిలోమీటర్లు, మన దేశం లాంటివి తొమ్మిది. అప్పటి నుంచి క్లోరిన్ నెమ్మదిగా తగ్గుతోంది. ఒప్పందం ఇలాగే నడిస్తే 1980 నాటి స్థితికి అంటార్కిటికా 2066 ప్రాంతానికి, ఉత్తర ధ్రువం 2045కి, మిగతా ప్రపంచం 2040కి చేరతాయని 2022లో వేసిన అంచనా. 2066 అంటే, ఈ ఖాళీ ముందు వరుసలో కూర్చోవాల్సినవాళ్లు అప్పటికి నాలాగే రిటైరై, ఇలాగే ఎక్కడో మైకు పట్టుకుని ఉంటారు.

[నవ్వులు, చప్పట్లు]